ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు

నూర్ మొహమ్మద్ బాబాయ్ మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను విసుక్కున్నాను. ఆ సీజన్లో నేను చేసిన తప్పుల్లో అది చిన్నది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

"కోల్డ్ స్టోరేజీయేనా అమ్మాయ్? అరవై టిక్కీల మిరగాయలున్నయి. చోటుందా?"

"మాది కోల్డ్ స్టోరేజీ కాదండీ. కోల్డ్ స్టోరేజీల వాళ్లకి సాఫ్ట్‌వేర్ చేసిస్తాం."

"మంచిదేగా. చోటుందా మరి?"

ఆ రోజుకి అది పదకొండో ఫోను. పదకొండు మందీ రైతులే, పదకొండు మందీ చోటు కోసమే. ఇట్లా ఎంతమందికని చెప్పను అంటూ ఆయన మీద కసురుకుని పెట్టేశాను. పెట్టేశాక, ఆ గొంతులో దబాయింపేమీ లేదు కదా అనిపించి మనసులో కొంచెం ముల్లు గుచ్చుకుంది.

మా ఆఫీసు నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద, మోటార్లు వైండింగ్ చేసే షాపు పైన ఉన్న గది. మా ఆయన గోపీచంద్ బెంగుళూరులో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి తిరిగొచ్చి, కోల్డ్ స్టోరేజీల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. ఏ రైతు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఏ ఛాంబర్లో, ఏ వరసలో ఉన్నాయో ఫోన్లో చూపిస్తుంది. సరుకు బయటికి తీసే రోజున మోత పని చేసే ముఠా వాళ్లు చలిలో మూటలు తిరగేసుకుంటూ వెతకనక్కర్లేదు. మా సాఫ్ట్‌వేర్ మంచిదే, కొనేవాళ్లే లేరు. రెండేళ్లలో ఇద్దరు దొరికారు, అందులో ఒకరు చుట్టం.

అందుకని మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. ఉగాదిలోపు ఆరుగురు అయితే ఇక్కడే ఉంటాం. కాకపోతే జూన్లో మళ్లీ బెంగుళూరు. పాత మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంచానని చెప్పాడట. నేను సరేనన్నాను గానీ నాకు సుతరామూ ఇష్టం లేదు. బెంగుళూరులో నేను కొరియర్లు తీసుకునే మనిషిని. ఇక్కడ నాకొక కుర్చీ ఉంది, ఒక ఫోను ఉంది, సుకన్యగారున్నారా అని అడిగే నలుగురున్నారు. ఆ నలుగురిని వదులుకోవడం నా వల్ల కాదని గోపికి చెప్పలేదు. చెబితే ఒప్పందానికి అర్థం ఉండదు కదా.

ఆ పదకొండు ఫోన్లూ గోపి డబ్బు పెట్టి తెప్పించినవే. గూగుల్లో ఎవరైనా 'నరసరావుపేట కోల్డ్ స్టోరేజీ' అని వెతికితే అందరికన్నా పైన మా పేరు కనపడేట్టు ప్రకటన పెట్టాడు. దాన్ని ఎవరు నొక్కినా, నొక్కినందుకు మేం కట్టుకోవాలి. యజమానులు నొక్కుతారని ఆయన ఊహ. ఫిబ్రవరిలో ఆ మాట వెతికేది యజమాని కాదు, కల్లంలో కాయలు ఎండబెట్టి, టిక్కీల్లోకి తొక్కించి, చోటు కోసం చూసుకునే రైతు. అందులోనూ ఆ ఏడు రేటు పడిపోయి, అమ్మేవాడి కన్నా దాచుకునేవాడే ఎక్కువ. పల్నాడులో పుట్టి, మిరప ఘాటుకి తుమ్ముతూ పెరిగిన మా ఇద్దరిలో ఒక్కరికైనా ఈ సంగతి తట్టలేదు.

మా అత్తయ్య రాఘవమ్మకి తట్టింది. శావల్యాపురంలో ముప్పై ఏళ్లు మిరప వేసి, మోకాళ్లు మొరాయించాక పొలం కౌలుకిచ్చి మా దగ్గరికొచ్చింది. ఆ రాత్రి అన్నాల దగ్గర ఫోన్ల సంగతి చెబితే, ఆమె కొడుకు వైపు చూసి నవ్వింది.

"కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభకి లైట్లు కట్టినట్టుంది నీ ప్రకటన. చూసేవాళ్లంతా మొక్కేవాళ్లేనంట్రా? సగం మంది ఐస్‌క్రీముకొచ్చినోళ్లు."

"నీకు తెలవదులేమ్మా" అన్నాడు గోపి. "రైతులకి కనపడకుండా మాటలు మారుస్తాను."

"మార్చు. కానీ ఆ రైతులు అడిగేదానికి ఎవరైనా జవాబు చెప్పారా?"

ఆ మాట నాకు పట్టుకుంది. మర్నాడు ఆఫీసులో గోపితో వాదన పెట్టుకున్నాను.

"జనానికి పనికొచ్చేది రాసిపెడితే గూగులే పైకి తెస్తుందని నువ్వే చెప్పావుగా. డబ్బు కట్టకుండా."

"తెస్తుంది. ఆర్నెల్లకి. డబ్బు కడితే పది నిమిషాల్లో పైనుంటాం."

"కట్టడం ఆపితే?"

"ఆపిన నిమిషం పోతాం" అన్నాడు నిజాయితీగా. "అయితే సుకన్యా, మనకున్నది ఏడు వారాలు. ఆరు నెలల పంట వేసే టైమా ఇది?"

"ఏం రాయాలో వెతుక్కోనక్కర్లేదుగా. అడిగేవాళ్లు రోజూ అడుగుతూనే ఉన్నారు. పైగా తెలుగులో ఇది ఇంకెవరు రాస్తున్నారు?"

గోపి తల గోక్కున్నాడు. ప్రకటన ఆపనన్నాడు, నేను రాస్తే వద్దననన్నాడు. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ ఇలాగే అవుతాయి, ఎవరి దారి వారికి వదిలేసి.

అలా మా వెబ్‌సైటులో ఒక పేజీ మొదలుపెట్టాను. 'ఈ రోజు ఏ కోల్డ్ స్టోరేజీలో చోటు ఉంది' అని దాని పేరు. నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల పద్దెనిమిదింటికి పొద్దున్నే ఫోన్ చేసి, గుమస్తానో ముఠా మేస్త్రినో అడిగి రాయడం. మొదటి రోజు రాశాక, కసురుకున్న పాపం కడుక్కోవాలని ఆ అరవై టిక్కీల ఆయనకి నేనే ఫోన్ చేశాను. అప్పుడు తెలిసింది పేరు నూర్ మొహమ్మద్ అని, ఊరు ఎడ్లపాడు వైపని.

"ఫలానా చోట రెండు ఛాంబర్లు ఖాళీ అంటండీ" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"అక్కడి గుమస్తా."

"ఎప్పుడు చెప్పాడు?"

"పొద్దున."

"పొద్దున అంటే ఎన్నింటికి? ఏడింటి మాట పదింటికి చద్దిదైపోద్ది అమ్మాయ్. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. ఈ రెండూ లేకుండా మిరగాయ రైతు ఏ మాటా నమ్మడు. యార్డు రేటైనా అంతే, వానైనా అంతే. గుమస్తా మాట కన్నా మేస్త్రి మాట గట్టిది. గేటు దగ్గర ఎన్ని బళ్లున్నయ్యో అదీ అడుగు. చోటుండి ఏం లాభం, నలభై బళ్ల వెనకాల నిలబడితే?"

నాకు తెలిసిన చదువుల్లో పరీక్ష లేకుండా నేర్చుకున్నది ఇదొక్కటే. ఆ రోజు నుంచి ప్రతి పేరు పక్కనా రాయడం మొదలుపెట్టాను: 'ఒక ఛాంబర్ ఖాళీ. గేటు దగ్గర 14 బళ్లు. మేస్త్రి యల్లమంద చెప్పాడు, ఉదయం 7:10.' చోటు నిండిపోతే ఆ మాటా రాసేదాన్ని, టైముతో సహా.

శివరాత్రి వెళ్లేసరికి పేజీ చదివేవాళ్లు రోజుకి ముప్పై మంది. రెండు వారాలు తిరిగేసరికి గూగుల్లో మా ప్రకటన కింద, డబ్బు కట్టకుండా, మా పేజీయే వచ్చి కూర్చుంది. ఒకే ఇంట్లో తోడికోడళ్లలాగా పైనొకటి కిందొకటి. గోపి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, "కిందదాన్నే ఎక్కువమంది నొక్కుతున్నారే" అన్నాడు. ఆశ్చర్యంతో పాటు కొంచెం ఉక్రోషం కూడా ఉంది ఆ గొంతులో. నేను మర్నాటి ఫోన్ల జాబితా దగ్గరికి లాక్కున్నాను.

అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. యజమానులు ఫోన్ చేయడం మొదలుపెట్టారు, అదీ కోపంగా.

"మా దాంట్లో చోటు లేదని రాశారంటగా. నిన్న సాయంత్రం నూట యాభై టిక్కీలు బయటికెళ్లినయి. ఎవర్నడిగి రాశారు?"

"మీ మేస్త్రిని అడిగానండీ, ఉదయం ఏడుంపావుకి. అదే మా సాఫ్ట్‌వేర్ ఉంటే మీ టిక్కీ కదిలిన నిమిషంలో మీ మేస్త్రి ఫోన్లో లెక్క మారిపోయేది, నాకూ సరిగ్గా చెప్పేవాడు."

"అట్టాంటిదుందా? ఎవర్నన్నా పంపిచ్చు."

మార్చి పదో తేదీకి ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. రెండు నాలుగైంది. గోపి ప్రకటన మీద పెట్టేది సగానికి తగ్గించాడు. పూర్తిగా ఆపమంటే, "ఆ నూర్ మొహమ్మద్ ఫోన్ చేసింది ప్రకటన చూసేగా" అన్నాడు. అది నిజమే కాబట్టి ఊరుకున్నాను. నూర్ మొహమ్మద్ బాబాయ్ మాత్రం ఫోన్ చేయడం మానేశాడు. పేజీ ఉండగా ఫోనెందుకమ్మాయ్, మా జమీలా పొద్దున్నే చదివి చెప్పుద్ది అన్నాడు. జమీలా ఆయన కూతురు, డిగ్రీ చదువుతోంది. మొదటి కోత కాయలు ఎక్కడో చోట దూర్చాడు. రెండో కోత కల్లంలో ఉంది.

ఉగాదికి ఇంకా పది రోజులుందనగా వెంకట్రామయ్యగారు మా ఆఫీసుకొచ్చారు. మొదటి ఇద్దరిలో చుట్టం ఈయనే. వరసకి గోపికి పెదనాన్న. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా ఫ్యాను కింద కూర్చుని, టీ తాగి, అప్పుడు మాట కదిపారు.

"మీ పేజీలో నా పేరు పద్దెనిమిదోది. అడుగున పడేశారు. ఎవడు చూస్తాడురా అంత కిందికి?"

"అక్షరాల వరసలో ఉన్నాయి పెదనాన్నా."

"అయితే ఇప్పుడు నేను పేరు మార్చుకోవాలా?" అని నవ్వారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "కొత్త ఛాంబర్ కట్టా. తెలుసుగా. మిషన్లు పెట్టిచ్చా, రెండు మూడు రోజుల్లో గది చల్లబడుద్ది. ఈ సీజన్లో నిండకపోతే బ్యాంకోడు ఇంటికొచ్చి కూర్చుంటాడు. గూగులోడికి నెలనెలా కడుతున్నావంటగా, ఆ కట్టేదేదో నేను నీకు కడతా. పేజీలో అందరికన్నా పైన నా పేరు పెట్టి, 'చోటు ఉంది' అని రాయి. మార్చబాక. మా బావమరిది వాళ్లవి రెండున్నయి చిలకలూరిపేటలో. వాళ్ల చేత కూడా నీ సాఫ్ట్‌వేరే పెట్టిస్తా."

నాలుగూ రెండూ ఆరు. ఆ కూడిక చేయడానికి గోపికీ నాకూ ఒకటే క్షణం పట్టిందనుకుంటాను. ఆయన నా వైపు చూశాడు.

"పక్కన 'ప్రకటన' అని చిన్న అక్షరాల్లో వేద్దాం" అన్నాడు నాతో. "గూగుల్లో మనం చేస్తున్నదీ అదేగా."

ఛాంబర్ ఇంకా చల్లబడలేదు కదా అని నేను అడగాలి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడగాలి. ఆ రెండు ప్రశ్నలూ నాకు నోటికి వచ్చు. నేను టీ గ్లాసులు తీసుకుని కడగడానికి వెళ్లాను. వాటిని కడగడానికి అంతసేపు పట్టదు.

ఆ సాయంత్రానికి పేజీ పైన, అందరి కన్నా ముందు, వెంకట్రామయ్యగారి కోల్డ్ స్టోరేజీ పేరొచ్చింది. మిగతా పదిహేడు పేర్ల పక్కనా టైము ఉంది, మనిషి పేరుంది. పై వరసలో 'చోటు ఉంది' అన్న రెండు మాటలే ఉన్నాయి. గోపి సంతోషంగా ఉన్నాడు. నేనూ సంతోషంగానే ఉన్నాను, అబద్ధమెందుకు. ఆ రాత్రి అత్తయ్యతో, ఉగాదికి బూరెలు చేద్దాం అత్తయ్యా అని కూడా అన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి నూర్ మొహమ్మద్ బాబాయ్ నుంచి ఫోను.

"అమ్మాయ్, నేను వెంకట్రామయ్యగారి గేటు దగ్గరున్నా. నిన్న పొద్దుననగా వచ్చా. ముందర ముప్పైయెనిమిది బళ్లున్నయి. కొత్త గది ఇంకా చల్లబడలేదంట. పాత గదులు నిండి వారమైందంట. ఇయ్యాళ తీసుకుంటం, రేపు తీసుకుంటం అంటన్నారు. నీకేమన్నా తెలుసా?"

నేను కుర్చీలోంచి లేచాను.

"ట్రాక్టరాయనకి వేరే కిరాయుందని దించేసి పోయాడు. టిక్కీలు కిందే ఉన్నయి. మబ్బు పడతంది."

నేను గోపి వైపు చూశాను. ఆయనకి అవతలి మాటలు వినపడలేదు గానీ నా మొహం కనపడింది. ఇద్దరం బండి మీద బయలుదేరాం. దారిలో కొండ వైపు నుంచి చల్లగాలి తగిలింది. వేసవిలో ఎవరికైనా హాయిగా ఉండాల్సిన గాలి అది. మిరప సీజన్లో ఆ గాలికి పల్నాడులో ఒక్క మనిషి కూడా సంతోషించడు.

మేం వెళ్లేసరికే చినుకులు మొదలయ్యాయి. గేటు బయట రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు, వాటి మీద పట్టలు లాగి కట్టుకుంటున్న మనుషులు. నూర్ మొహమ్మద్ బాబాయ్‌ని నేను అంతకుముందు చూడలేదు. కానీ ప్రహరీ పక్కన నేల మీద పేర్చిన టిక్కీల చుట్టూ ఒక్కడే పరుగులు పెడుతున్న సన్నటి మనిషిని చూడగానే తెలిసిపోయింది. పై పట్ట ఉంది గానీ కింద ఏమీ లేదు. వాన పావుగంటే పడింది. పావుగంట చాలు. ప్రహరీ వెంట పారిన నీళ్లు అడుగు వరసలోకి వెళ్లాయి.

గోపి చొక్కా తడుస్తున్నా చూసుకోకుండా టిక్కీలు ఎత్తి పక్కన అరుగు మీదికి చేర్చడం మొదలుపెట్టాడు. కీబోర్డు తప్ప బరువు తెలియని చేతులు అవి, ఒక్కొక్క టిక్కీ నలభై కేజీలు. నేను రెండో వైపు పట్టుకున్నాను. అరవై రెండింటిలో పంతొమ్మిది తడిశాయి.

అంతా అయ్యాక బాబాయ్ అరుగు మీద కూర్చుని తలగుడ్డ పిండుకున్నాడు. మమ్మల్ని తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, అద్దం తుడిచి, మా పేజీ తెరిచి నా ముందు పెట్టాడు.

"అన్నిటికీ టైముంది. దీని పక్కన లేదేందమ్మాయ్?"

గోపి చెప్పాడు.

"డబ్బులు తీసుకుని రాశామండీ. పక్కన ప్రకటన అని ఉంది చూడండి, చిన్నగా."

బాబాయ్ ఫోన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కాసేపు చూశాడు.

"ఉంది" అన్నాడు. "మా జమీలా చదవలేదు ఈ ముక్క. చదివినా నాకేం తెలుస్తది." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "తప్పు నాదేలే. టైము లేని మాటకి బండి కట్టకూడదు. నువ్వు రాశావు గదా అని కట్టా."

నా జన్మలో ఎవరూ నన్ను అంత మాట అనలేదు. ఆయన అన్నది తిట్టు కూడా కాదు. నేను అక్కడే, అందరి ముందూ, ఏడ్చేశాను.

తడిసిన పంతొమ్మిదీ అలాగే ఉంచితే రెండు రోజుల్లో బూజు పడతాయి. అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాం. "తిట్టడం తర్వాత తిడతాలే. ముందు ఇక్కడికి తీసుకురా, డాబా మీద పోద్దాం" అంది. మిగతా నలభై మూడింటికి గోపి అప్పటికప్పుడు నాలుగు చోట్ల స్వయంగా తిరిగి, ఒక చోట ఖాళీ ఉందని కళ్లారా చూసి, వేరే ట్రాక్టరు మాట్లాడి దగ్గరుండి లోపల పెట్టించాడు.

ఆ మూడు రోజులూ మా అద్దె ఇంటి డాబా మీద మిరపకాయలు ఎర్రగా పరుచుకున్నాయి. వీధి వీధంతా దగ్గింది. ఇంటి ఓనరు ముక్కుకి తువ్వాలు కట్టుకుని వచ్చి, ఇది సాఫ్ట్‌వేరా అని అడిగి వెళ్లాడు. అత్తయ్య మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, గంటకోసారి కాయలు తిరగబోసింది. బాబాయ్ రోజూ ఎడ్లపాడు వైపు నుంచి బస్సులో వచ్చి తాలు కాయలు ఏరుకున్నాడు. మాతో అన్నం తిన్నాడు. మర్యాదగా మాట్లాడాడు. పేజీ ఊసు మాత్రం ఎత్తలేదు. అలా రంగు పోయిన తాలు రెండు టిక్కీలు తేలింది. ఆ నష్టం మేం పెట్టుకుంటామంటే, "వానకి నువ్వేం చేస్తావు బాబూ" అని గోపి చెయ్యి పక్కకి తోసి వెళ్లిపోయాడు.

వాన పడిన ఆ సాయంత్రమే గోపి పై వరస తీసేశాడు. తీసేసి ఊరుకోలేదు. నన్ను అడక్కుండా తనే కూర్చుని పేజీ పైన రాశాడు:

'నాలుగు రోజులుగా ఇక్కడ ఒక కోల్డ్ స్టోరేజీలో చోటు ఉందని రాశాం. చోటు లేదు. డబ్బు తీసుకుని, కనుక్కోకుండా రాశాం. దాన్ని నమ్మి వెళ్లినవాళ్లు మమ్మల్ని క్షమించాలి. చెప్పినది గోపీచంద్, సాయంత్రం 7:40.'

"ఇది చదివాక ఇంకెవరైనా మన దగ్గరికొస్తారా?" అన్నాను.

"ఏమో" అన్నాడు. "రాయకుండా ఉంటే నేను ఈ పేజీ తెరవలేను సుకన్యా."

పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన్ని చూసి నేను గర్వపడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి.

మర్నాడు వెంకట్రామయ్యగారి డబ్బు ఆయనకి తిరిగిచ్చాం. ఆయన అరవలేదు. "ఇంకో రెండు రోజులు ఓపిక పడితే చల్లబడేదిరా. నన్ను బజార్లో పెట్టావు" అన్నారు. మొహం పాలిపోయి ఉంది. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ రాలేదు. ఆయనదీ మాలాంటి లెక్కే, గడువులోపు నిండాలి. వారంలో మా సాఫ్ట్‌వేర్ తీయించేశారు. బావమరిది వాళ్ల మాట ఇక ఎవరూ ఎత్తలేదు. నాలుగు మూడైంది.

ఉగాది వచ్చింది. అత్తయ్య పచ్చడి చేసింది, బూరెలు చేయలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఒప్పందం ఒప్పందమే. ఆరు కాలేదు. బెంగుళూరు మేనేజరుకి ఏప్రిల్ మూడో సోమవారంలోపు సంగతి చెప్పాలి. నేను అట్టపెట్టెలు ఎక్కడ దొరుకుతాయో మనసులోనే వెతుక్కుంటున్నాను.

పేజీ మాత్రం ఆపలేదు. సీజన్ మధ్యలో ఎలా ఆపుతాం? పైగా గోపి ఒక కొత్త పని పెట్టుకున్నాడు. పొద్దున్నే చీకటితో లేచి బండేసుకుని, ఊరి చుట్టూ ఉన్న ఏడు గేట్లూ తిరిగి, బళ్లు లెక్కపెట్టుకుని వస్తున్నాడు. దూరంవి నేను ఫోన్లో కనుక్కునేదాన్ని. ప్రకటన గడువు అయిపోతే మళ్లీ కట్టలేదు. మానాలని మానలేదు, ఆ సంగతి గుర్తుకురాలేదంతే. పేజీ చదివేవాళ్లు కొన్నాళ్లు తగ్గారు, తర్వాత మళ్లీ మొదటికి వచ్చారు. నూర్ మొహమ్మద్ అన్న పేరు మాత్రం ఫోన్లో కనపడలేదు. ఆయన ఆఖరి కోత కోసి ఉంటాడని, టిక్కీలు తొక్కి ఉంటాడని రోజూ అనుకునేదాన్ని. ఫోన్ చేసే మొహం లేదు.

ఆ సోమవారానికి ముందు ఆదివారం పొద్దున ఏడున్నరకి, ఇంటికి తెచ్చుకున్న ఆఫీసు ఫోను మోగింది. నా చేతులకి పిండి ఉంది. గోపి స్పీకరు నొక్కాడు.

"అమ్మాయి లేదా?"

ఆ గొంతు విని నేను వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను.

"పనిలో ఉందండీ. నేను గోపీచంద్‌ని. చెప్పండి బాబాయ్."

అవతల జమీలా కాబోలు, ఏదో చదువుతున్న గొంతు, ఆయన ఊఁ కొట్టడం.

"స్టేషన్ రోడ్డు దాంట్లో చోటుందని రాశారంట. నలభై టిక్కీలున్నయి."

"ఉందండీ. ఒక ఛాంబర్ సగం ఖాళీ. గేటు దగ్గర పదకొండు బళ్లున్నాయి."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నేనే వెళ్లాను. లోపలికెళ్లి ఛాంబర్ చూశాను, బయటికొచ్చి బళ్లు లెక్కపెట్టాను."

"ఎన్నింటికి?"

"ఆరూ నలభైకి."

నేను పిండి చేతుల్ని గాల్లో పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా అత్తయ్య కూడా కూర తరగడం ఆపింది.

"ఆరూ నలభై" అన్నాడు బాబాయ్ మెల్లగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "సరే అయితే. బండి కట్టిస్తా."

ఫోన్ పెట్టేశాక గోపి చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడే బెంగుళూరుకి జవాబు చెప్పాల్సిన సోమవారం. ఆయన లేచి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తీసి, మట్టి దులిపి పక్కన పెట్టాడు.

"రేపు నన్ను ఇంకో గంట ముందు లేపు" అన్నాడు. "చిలకలూరిపేట గేట్లు కూడా చూసి రావాలి."